రోజుకు 20 నిమిషాలు: ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, ఇంట్లో కనబడేలా చేయడం ఎలా?

"అక్కా, ప్రార్థన చేద్దామని కూర్చుంటాను, రెండు నిమిషాల్లో మనసు పొయ్యి మీద పాల దగ్గరికి వెళ్లిపోతుంది." "నాలుగు రోజులు చేస్తాను, ఐదో రోజు మానేస్తాను." "పదేళ్ల నుంచి ప్రార్థన చేస్తున్నాను, కోపం మాత్రం తగ్గలేదు." ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటూ నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలు దాదాపు ఈ మూడే. సండే స్కూల్లో పిల్లలకు చెప్పడం, మంగళవారం స్త్రీల కూటానికి వెళ్లడం, ఇంతే నా పని. నేను వేదాంతం చదువుకోలేదు. కానీ ఇవే ప్రశ్నలు నాకూ ఉండేవి. ఏది చేస్తే నిలబడిందో, ఏది చేస్తే చెడిందో వరసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. మార్కు సువార్త మొదటి అధ్యాయం తీయండి. 35వ వచనంలో యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి, ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థన చేస్తున్నాడు. 41వ వచనంలో చెయ్యి చాపి, ఎవరూ ముట్టుకోని కుష్ఠరోగిని ముట్టుకుంటున్నాడు. మధ్యలో ఉన్నవి ఐదే వచనాలు. మన ప్రార్థనకూ మన చేతికీ మధ్య దూరం కూడా అంత తక్కువే ఉండాలి. కింద చెప్పే పద్ధతి మొత్తం ఆ దూరం తగ్గించడం కోసమే.

కావలసినవి

- అచ్చు బైబిలు ఒకటి. ఫోన్‌లో యాప్ ఉన్నా సరే, ఈ 20 నిమిషాలకు పుస్తకమే మంచిది. అక్షరాలు చిన్నవై కళ్లు లాగుతుంటే పెద్ద అక్షరాల బైబిలు కొనుక్కోండి. చదవలేనివాళ్లు ఆడియో బైబిలు వినొచ్చు, లేదా ఇంట్లో పిల్లలతో చదివించుకోవచ్చు.
- 100 పేజీల నోటుబుక్కు, పెన్ను.
- గంట కొట్టే చిన్న అలారం గడియారం. ఫోన్ అలారం ఆపిన వేలు అక్కడితో ఆగదు, వాట్సాప్ తెరుస్తుంది.
- మూత ఉన్న డబ్బా. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.
- కూర్చోవడానికి ఒక చోటు. చాప చాలు.

1. సమయం కాదు, ముడి వెతకండి

"రేపటి నుంచి 4 గంటలకు లేస్తాను" అనుకున్నవాళ్లు ఎక్కువమంది వారం తిరక్కుండా మానేస్తారు. రాత్రి 11కి పడుకునే మనిషి 4కి లేస్తే మోకాళ్ల మీదే నిద్రపోతుంది. కొత్త సమయం కనిపెట్టకండి. రోజూ తప్పకుండా చేసే ఏదో ఒక పనికి ప్రార్థనను ముడివేయండి. పళ్లు తోముకున్న వెంటనే, పిల్లలు స్కూలు ఆటో ఎక్కిన వెంటనే, రాత్రి గిన్నెలు బోర్లించిన వెంటనే, ఇలా. ఆ పని ఎలాగూ ఆగదు కాబట్టి ప్రార్థన కూడా దాని వెనకే వస్తుంది.

మొదటి వారం 20 నిమిషాలు కూడా వద్దు, 7 నిమిషాలు చేయండి. రెండో వారం 12. మూడో వారం నుంచి 20. ఇంకా చేయాలనిపించినా మొదటి వారం ఆపేయండి. రేపు మళ్లీ రావాలనే ఆకలి మిగలాలి.

రాత్రి షిఫ్టు చేసేవాళ్లు డ్యూటీ దిగి వచ్చాక, పడుకునేముందు చేసుకోండి. హాస్టల్లో ఉంటే మేడమీద, లేదా అందరికంటే పావుగంట ముందు లేచి మంచం మీదే. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకు సొంత గది కాదు కదా, సొంత మూల కూడా ఉండదు. వాళ్లలో ఒకామె బట్టలు ఇస్త్రీ చేసే గంటను ప్రార్థన గంట చేసుకుంది. ఒక్కో చొక్కా మడిచేటప్పుడు ఒక్కో పేరు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ప్రార్థించమన్నాడు ప్రభువు. తలుపున్న గదే లేనప్పుడు మనసే గది.

చంటిబిడ్డ తల్లులకు ఒక మాట. మీకు నిద్ర లేదు. ఏలీయా అలసిపోయి చచ్చిపోతే బాగుండనుకున్నప్పుడు దేవుడు ముందు అతన్ని నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాట్లాడింది ఆ తర్వాతే. ఆ కథ 1 రాజులు 19లో ఉంది. బిడ్డకు పాలిస్తూ చెప్పే రెండు మాటలు మీ ప్రార్థన. తప్పు చేస్తున్నామని బాధపడకండి.

2. కూర్చోగానే ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నేను ఎవరితో మాట్లాడడం లేదు?

ఇది చాలామంది దాటేసే మెట్టు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ సహోదరుడికి నీమీద ఏదో ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు. మత్తయి 5:23, 24 చూడండి. జాగ్రత్తగా చదవండి: "నీకు అతనిమీద కోపం ఉంటే" అని కాదు అక్కడ ఉన్నది, అతనికి నీమీద ఏదైనా ఉంటే అని. అంటే మొదటి అడుగు మనదే.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మా తోడికోడలితో మాటా మాటా వచ్చి పలకరింపులు ఆగిపోయాయి. నాలుగు నెలలు రోజూ ఆమె పేరు నోటుబుక్కులో రాసి, "ప్రభువా, ఆమె మనసు మార్చు" అని ప్రార్థించాను. ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఒకరోజు పేజీలు తిప్పుతుంటే ఆమె పేరు వంద సార్లకు పైగా కనిపించి సిగ్గేసింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి, "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఆమె వెంటనే కరిగిపోలేదు. "సరేలే" అని పెట్టేసింది. కానీ మర్నాడు ప్రార్థనకు కూర్చుంటే గొంతులో అడ్డం పడ్డది ఏదో దిగిపోయినట్టు ఉంది.

చేయాల్సింది ఇంత: పేరు గుర్తొస్తే రాసుకోండి. ఆ రోజే ఫోన్ చేయండి, కుదరకపోతే వెళ్లండి. క్షమాపణలో "కానీ" అనే మాట రానివ్వకండి. "నేను అలా అనకూడదు, కానీ నువ్వు కూడా" అన్నారంటే గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

హెచ్చరిక: మిమ్మల్ని కొట్టే మనిషి, బెదిరించే మనిషి విషయంలో ఈ మెట్టు ఒంటరిగా చేయకండి. క్షమించడం అంటే దెబ్బలు తింటూ ఆ ఇంట్లోనే ఉండడం కాదు. "ప్రార్థన చెయ్యమ్మా, ఓర్చుకో" అని ఎవరైనా చెప్పి పంపిస్తే ఆ సలహా పాటించకండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. ముందు ప్రాణం కాపాడుకోండి. మనసులోంచి పగ తీసేయడం ఆ తర్వాత, నెమ్మదిగా, దేవుని సాయంతో జరిగే పని.

3. ముందు వినండి: వాక్యం

మనం మాట్లాడేముందు ఆయన మాట వినడం మర్యాద. రోజుకు ఒక అధ్యాయం కూడా అక్కర్లేదు, ఒక సంఘటన చాలు. ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. ఆదికాండం నుంచి వరసగా చదువుదామని మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయినవాళ్లు మన సంఘాల్లో లెక్కలేనంతమంది. మార్కుతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, చిన్నది, పరుగెత్తే సువార్త. తర్వాత లూకా. మధ్యలో రోజుకొక కీర్తన కలుపుకోండి. 117వ కీర్తన రెండే వచనాలు. 119వది 176 వచనాలు, దాన్ని ముక్కలు చేసుకుని చదవండి.

చదివే పద్ధతి ఇది. ఒకసారి బయటికి వినబడేలా చదవండి. రెండోసారి నెమ్మదిగా చదువుతూ, గుచ్చుకున్న ఒక్క మాట కింద గీత పెట్టండి. ఆ మాట నోటుబుక్కులో రాయండి. వివరణ రాయక్కర్లేదు.

ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటి ఉంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు ఎక్కడ పడితే అదే దేవుని జవాబు అనుకోవడం. కూతురి సంబంధం ఖాయం చేయాలా, ఇల్లు అమ్మాలా అన్న నిర్ణయాలు ఇలా తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. వాక్యం చీట్లాట కాదు. కొత్త సంవత్సరం రోజు చర్చిలో తీసుకునే వాగ్దానం కార్డు కూడా అంతే. గోడకు అతికించుకుని ధైర్యం తెచ్చుకోండి, మంచిదే. కానీ ఆ వచనానికి ముందు, వెనక ఏముందో ఒకసారి చదవండి. చాలా వాగ్దానాల పక్కనే ఒక ఆజ్ఞ ఉంటుంది. దాన్ని కార్డు మీద అచ్చు వేయరు.

4. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే ప్రార్థించండి

"నాకు ప్రార్థన చేయడం రాదు" అనేవాళ్లను తరచి అడిగితే, రానిది ప్రార్థన కాదు, మైకులో వినబడే భాష అని తెలుస్తుంది. "మహోన్నతుడవైన, కృపాసంపన్నుడవైన" అని ఆగకుండా చెప్పగలగడం వరమే కావచ్చు, షరతు కాదు. మన బైబిలు పాత గ్రాంథిక తెలుగులో ఉంది కాబట్టి ప్రార్థన కూడా అలాగే ఉండాలని చిన్నప్పటి నుంచి మనసులో పడిపోయింది. యేసు ప్రభువు గెత్సేమనేలో "అబ్బా" అని పిలిచాడు. అది ఆ ఊళ్లో పిల్లలు నాన్నను పిలిచే పిలుపు.

మాటలు దొరకకపోతే పరలోక ప్రార్థనను దారిగా పట్టుకోండి. వల్లించడం కాదు, ఒక్కో మాట దగ్గర ఆగడం. ఉదాహరణకు:

"మా తండ్రీ" దగ్గర ఆగి, ఇది "నా" కాదు "మా" అని గుర్తుచేసుకుని, ఇంకో ముగ్గురి పేర్లు చెప్పండి.

"నీ చిత్తము నెరవేరును గాక" దగ్గర, ఈ రోజు మీకు నచ్చనిది ఒకటి జరగొచ్చని ఒప్పుకోండి.

"మా అనుదినాహారము నేడు" దగ్గర, ఇవాళ్టి అవసరం మాత్రమే అడగండి. కరెంటు బిల్లు, పాప ఫీజు, నాన్నగారి మోకాలి నొప్పి, అన్నీ పేరుపెట్టి చెప్పండి. "అందరినీ దీవించు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎవరి కోసం ప్రార్థించామో మనకే గుర్తుండదు.

"మా ఋణములు క్షమించుము" దగ్గర, నిన్న చేసిన తప్పును దాని సొంత పేరుతో చెప్పండి. "ఏమైనా తప్పులుంటే" అనొద్దు. "నిన్న లెక్కలో 200 తక్కువ చెప్పాను" అనండి. వెంటనే ఆ 200 ఇచ్చేయండి.

మనసు పరుగెత్తితే కంగారుపడకండి. పాలు గుర్తొచ్చాయా? "ప్రభువా, ఈ పాలు కూడా నువ్విచ్చినవే" అని, లేచి పొయ్యి కట్టేసి వచ్చి కూర్చోండి. పదేపదే ఒకే టెన్షన్ వస్తుంటే అది ఆటంకం కాదు, ఇవాళ మీరు ప్రార్థించాల్సిన విషయం అదే.

పెద్దగా ఏడిస్తేనే, అరిస్తేనే దేవుడు వింటాడన్న భయం కొందరికి ఉంటుంది. హన్నా దేవాలయంలో పెదవులు మాత్రమే కదిలిస్తూ ప్రార్థించింది, స్వరం వినబడలేదు. యాజకుడు ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు.

మీ ఇంట్లో మీరొక్కరే ప్రభువును నమ్మినవాళ్లయితే హన్నా పద్ధతే మీది. పెదవులు కూడా కదపనక్కర్లేదు. అత్తగారి పూజ సమయంలో పోటీగా పాట పెట్టకండి. వాళ్ల నమ్మకాన్ని ఒక్క మాటతో కూడా కించపరచకండి. వాళ్లు మీలో చూసేది మీ వాదన కాదు, వాళ్లకు జ్వరమొచ్చినప్పుడు మీరు కాచి ఇచ్చిన గంజి.

5. రెండు గీతల నోటుబుక్కు

పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో తేదీ, అడిగిన విషయం. రెండో దాంట్లో "నా వంతు". మూడో భాగం ఖాళీగా వదిలేయండి, ఏమైందో తర్వాత రాయడానికి.

ఈ "నా వంతు" గడి మీద కాసేపు నిలబడతాను. దేవుని మీద నమ్మకం అంటే చేతులు కట్టుకు కూర్చోవడం అని కొందరు, నమ్మకం ఉంటే మందులు మానేయాలని ఇంకొందరు చెబుతుంటారు. నెహెమ్యా యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు చుట్టుముట్టారు. అప్పుడు వాళ్లేం చేశారో నెహెమ్యా 4:9లో ఉంది: దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా పెట్టారు. ఒకే వచనంలో రెండూ. ఈ నోటుబుక్కు ఆ వచనానికి గీసిన పట్టిక, అంతే.

ఉదాహరణలు:

బాబు ఇంటర్ పరీక్షలు: నా వంతు, సాయంత్రం 7 నుంచి 9 దాకా టీవీ కట్టేయడం.

అప్పు: నా వంతు, ఎవరికి ఎంత ఇవ్వాలో మొత్తం కాగితం మీద రాసి భర్తకు చూపించడం. కొత్త చీటీ కట్టకపోవడం.

షుగర్: నా వంతు, మాత్ర వేసుకోవడం, నడవడం, డాక్టర్ చెప్పిన రోజున రక్త పరీక్ష.

హెచ్చరికలు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు:

బీపీ, షుగర్, మూర్ఛ, టీబీ, మానసిక వ్యాధుల మందులు ప్రార్థన పేరుతో ఆపకండి. బాగైందని మీకు అనిపిస్తే పరీక్ష చేయించండి, ఆపమనే మాట డాక్టర్ నోటినుంచి రానివ్వండి. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. పౌలు ఆయన్ని "ప్రియమైన వైద్యుడు" అనే పిలిచాడు. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు పూర్తి ఉపవాసం చేయకండి. బదులుగా ఒకరోజు ఫోన్ మానండి, ఇష్టమైన కూర మానండి, ఆ డబ్బు ఇంకొకరికి ఇవ్వండి.

నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక, బతకాలనిపించక రెండు వారాలు దాటితే అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. ప్రార్థిస్తూనే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే రెండు వారాలు చూడొద్దు, ఆ క్షణమే చేయండి, పక్కన ఎవరినైనా ఉండమనండి.

ఇంత పంపితే ఇంత ఆశీర్వాదం వస్తుందని ఎవరైనా ఫోన్‌లో, టీవీలో చెబితే పంపకండి. కానుక కృతజ్ఞతతో ఇచ్చేది, బేరం పెట్టేది కాదు. ముఖ్యంగా అప్పు చేసి ఇవ్వకండి.

6. డబ్బా: ప్రార్థన చేతుల్లోకి దిగే చోటు

అన్నం వండేటప్పుడు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేయండి. మా అమ్మ, అమ్మమ్మ చేసిన పనే ఇది. ఈశాన్యాన మిజోరాం సంఘాలు 1910 నుంచి ఇలా పిడికెడు బియ్యం పక్కన పెట్టి సేవను నడుపుకుంటూ వస్తున్నాయి. అన్నం వండని వాళ్లు రోజుకు పది రూపాయలు వేయండి. ఈ డబ్బా చర్చి కానుకకు బదులు కాదు, అదనం. నెలాఖరున ఇందులో ఉన్నది మీకు పేరు తెలిసిన ఒక మనిషికి వెళ్లాలి.

పేరు తెలియడం ఎందుకు ముఖ్యమంటే, ఆకలితో ఉన్నవాడికి తినడానికేమీ ఇవ్వకుండా "సమాధానంగా వెళ్లు" అనడం వల్ల ప్రయోజనమేంటని యాకోబు అడిగాడు. ఇచ్చి కూడా మనిషిని తక్కువగా చూసే ప్రమాదం ఉంది. దోర్నకల్‌కు బిషప్ కాకముందు, 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో వి.ఎస్. అజరయ్య పాశ్చాత్యుల ముందు నిలబడి, మీరు మా బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కూడా అర్పించారు, మేము అడిగేది ప్రేమ, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఆ మాట ఆ రోజు దొరలకు చెప్పింది. ఇవాళ మన ఇంటి గడపకు కూడా తగులుతుంది.

అందుకని ప్రతి ఉదయం ప్రార్థన చివర ఒక ప్రశ్న: "ఈ రోజు ఎవరికి, ఏంటి?" జవాబు సాయంత్రంలోపు పూర్తయ్యేంత చిన్నదిగా ఉండాలి. కొన్ని:

ఇంట్లో పనిచేసే ఆమెకు మీరు తాగే కప్పులోనే టీ ఇవ్వండి, కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పక్క వాటాలో ఒంటరిగా ఉండే పెద్దాయనకు మందుల షాపు పని చేసిపెట్టండి. సంఘంలో మూడు వారాలుగా రానివాళ్ల ఇంటికి వెళ్లండి, "ఎందుకు రాలేదు" అని అడక్కుండా. ఇంట్లో ఒకరు మాట్లాడుతుంటే ఫోన్ బోర్లించండి.

ఇంకొకటి రాయక తప్పదు. ప్రభు రాత్రి భోజనంలో ఒకే రొట్టె విరుచుకుని, బయటికొచ్చాక కులం చూసి కూర్చునే అలవాటు మన సంఘాల్లో ఇంకా పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ పెద్దల ఎన్నికల దగ్గర అది బయటపడుతుంది. ఎన్ని గంటల ప్రార్థనైనా దీన్ని దాటుకుని పైకి వెళ్తుందని నేను నమ్మను. ఈ నెలలో ఒక అడుగు వేయండి: మీరు ఇంతవరకు ఎప్పుడూ భోజనం చేయని ఇంట్లో, పిలిపించుకుని వెళ్లి, వాళ్ల పళ్లెంలో తినండి. వాళ్లను మీ ఇంటికి పిలవండి. "మాకు అలాంటివేమీ లేవండీ" అనుకునేవాళ్లు గత ఏడాది మీ ఇంట్లో కూర్చుని తిన్నవాళ్ల జాబితా రాసి చూసుకోండి.

చేసినదాన్ని ఫోటో తీసి స్టేటస్ పెట్టకండి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వొద్దన్నాడు ప్రభువు.

7. జవాబు రానప్పుడు

మూడో గడి నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు చాలామంది నోటుబుక్కు మూసేస్తారు. ఒంగోలులో ప్రార్థన కొండ చూశారా? 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్లతో ఉన్న తెలుగు విశ్వాసులు కలిసి ఐదుగురు ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ అనే మిషనరీ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఆ తర్వాత 1876లో మొదలైన మహాకరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి చూపించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రతి ఎదురుచూపూ ఇలా ముగుస్తుందని చెప్పడానికి దీన్ని రాయలేదు. ఆ ఐదుగురూ కొండ దిగాక పన్నెండేళ్లు తమ మామూలు పనులు చేసుకున్నారు, అది గుర్తుచేయడానికి.

కొన్నిటికి జవాబు "వద్దు". పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు. మీ పక్కవాళ్ల బిడ్డ బతకలేదంటే వాళ్ల విశ్వాసం చాలలేదని ఎప్పుడూ అనకండి. వెళ్లి పక్కన కూర్చోండి. నోటికి మాట రాకపోతే మంచిదే.

మీకే అలాంటి రోజులు వస్తే 13వ కీర్తన చదవండి. ఆరు వచనాల కీర్తన, "ఎంతకాలం" అనే ప్రశ్న అందులో పదేపదే వస్తుంది. అలా అడగడం అవిశ్వాసం కాదు, బైబిల్లోనే ఉన్న ప్రార్థన.

8. ఇంటిల్లిపాదీ కలిసి: వారానికి మూడు రాత్రులు, 10 నిమిషాలు

మీ సొంత ప్రార్థన నెల రోజులు నిలబడ్డాకే ఇది మొదలుపెట్టండి. ఒక పాట ఒక చరణం, ఐదు వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం ప్రార్థన. పిల్లలకు నిద్ర రాకముందు, అన్నాలకు ముందే చేయండి. ప్రార్థనలో పిల్లల్ని తిట్టకండి. "ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి పుట్టించు" అని వాడి ముందే అంటే వాడికి ప్రార్థనంటే తిట్లే. బదులుగా నాన్న, అమ్మ తమ తప్పు ఒకటి చెప్పి క్షమాపణ అడగండి. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లను వీడియో కాల్‌లో కలపొచ్చు. సమయం కుదరకపోతే వాళ్ల ప్రార్థన వాయిస్ మెసేజ్‌గా తెప్పించుకుని వినిపించండి.

మధ్యలో ఆగిపోతే

బాకీ తీర్చకండి. తప్పిపోయిన ఆరు రోజుల అధ్యాయాలన్నీ ఒకేరోజు చదవాలని కూర్చుంటే ఏడో రోజు కూడా పోతుంది. ఇవాళ్టి 7 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి. నోటుబుక్కులో ఖాళీ రోజులు ఖాళీగానే ఉండనివ్వండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

40 రోజులయ్యాక ఒక సాయంత్రం కేటాయించండి. ఒళ్లు పులకరించిందా, కన్నీళ్లు వచ్చాయా అని చూడొద్దు. అవి వస్తాయి, పోతాయి. ఇవి చూడండి:

కోపం వచ్చాక మామూలుగా మాట్లాడడానికి ముందు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడు ఎన్ని గంటలు పడుతోంది?

నోటుబుక్కులో మీ ఇంటివాళ్లవి కాని పేర్లు ఎన్ని ఉన్నాయి? సగం కూడా లేకపోతే రేపటి నుంచి వాటితోనే మొదలుపెట్టండి.

"నా వంతు" గడిలో రాసి చేయనివి ఎన్ని? వాటి పక్కన కొత్త తేదీ వేయండి.

డబ్బా ఎవరింటికి వెళ్లింది? వాళ్ల పిల్లల పేర్లు మీకు తెలుసా?

చివరిది కష్టం. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లను, లేదా మీ ఇంట్లో పనిచేసే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ మధ్య నాలో ఏమైనా మార్పు కనిపించిందా?" అని అడగండి. జవాబు చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడకండి. మా చిన్నది నన్ను కాసేపు చూసి, "తిడతావు, కానీ ఇప్పుడు మళ్లీ వచ్చి సారీ చెబుతున్నావు" అంది. ఆ మాటను తేదీ వేసి మూడో గడిలో రాసుకున్నాను. మీ ఇంట్లో విన్నది కూడా అలాగే, మెరుగులు దిద్దకుండా రాసుకోండి. "ఏమీ మారలేదు" అన్నా అదే రాయండి, మర్నాడు పొద్దున 2వ మెట్టు దగ్గర ఆ మాటతోనే కూర్చోండి.